రొయ్యల గుంట, గుండె దడ, అశ్వగంధ పొడి

మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. రొయ్యల సాగు. ఈ పనిలో నిండు నిద్ర అనేది రొయ్యలు పట్టి అమ్మేశాకే. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, ఆ టైములో నీళ్లు చిలికి గాలి కలిపే ఏరేటర్లు ఆగాయంటే గుంట మొత్తం పోతుంది. అందుకే పడుకున్నా చెవి జనరేటర్ మీదే ఉంటుంది. దానికి తోడు 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది. ధర ఎటు పోతుందో తెలియని ఆ రోజుల్లోనే నాకు దడ మొదలైంది. చిత్రమేమిటంటే గట్టు మీద ఉన్నప్పుడు ఏమీ ఉండదు. ఇంటికొచ్చి నడుం వాల్చగానే గుండె అదిరేది, చేతులు చల్లబడేవి, ఊపిరి చాలనట్టు ఉండేది. ఇక అయిపోయింది అనుకునేవాణ్ణి.

ముందు గుండె చూపించుకున్నా. ఈసీజీ, ఎకో, షుగర్, హీమోగ్లోబిన్, థైరాయిడ్ అన్నీ చేశారు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా, రక్తం తక్కువగా ఉన్నా అచ్చం ఇట్టాగే దడ వస్తుందట. టెన్షన్ అనుకుని ఊరుకోకుండా ఈ పరీక్షలు చేయించుకోవడం మంచిది. నాకు అన్నీ నార్మల్. బీపీ మాత్రం పాతదే, దానికి మాత్ర వేసుకుంటున్నా. ఫిజీషియన్ గారు “ఇది యాంగ్జైటీ, సైకియాట్రీ డాక్టరుకి చూపించుకోండి” అన్నారు. ఆ మాట ఊళ్లో ఎట్టా చెప్తాం? బీపీ పెరిగిందని చెప్పుకున్నాం.

చెప్పుకుంటే మాత్రం జనానికి తెలియదా? సలహాలు వచ్చి పడ్డాయి. అత్తమ్మ సరస్వతీ లేహ్యం సీసా పంపింది. బెంగళూరులో ఉండే బావమరిది “బావా, మా ఆఫీసులో అందరూ ఇవే తింటున్నారు” అని అశ్వగంధ గమ్మీలు ఆర్డర్ పెట్టాడు. మేత డీలరు జటామాంసి అనే మూలిక పొడి కాగితంలో పొట్లం కట్టి తెచ్చాడు. మందుల షాపు కుర్రాడు మెగ్నీషియం మాత్రలు మంచివన్నాడు. నవ్వొచ్చింది. గుంటల్లోకి మెగ్నీషియం బస్తాలకు బస్తాలు పోసేవాణ్ణి నేను! మా పాప చామంతి టీ ప్యాకెట్టు కొనుక్కొచ్చింది. అది మనం దండల్లో గుచ్చే పువ్వు కాదు, వేరే మొక్క.

అవన్నీ బీరువా మీద పెట్టించా. ఒక్కటీ నోట్లో వేసుకోలేదు. నాకు ఆయుర్వేదం మీద అనుమానం ఉండి కాదు. రొయ్య మేత తినడం తగ్గించిందనుకోండి, అదే రోజు మేతా మార్చి, మందూ కొట్టి, నీళ్లూ మారిస్తే అది దేనివల్ల కోలుకుందో, దేనివల్ల చచ్చిందో ఎవరూ చెప్పలేరు. ఒక్కొక్కటే మార్చి పుస్తకంలో రాసుకుంటాం. ఒంటికీ ఆ పద్ధతే పెట్టా. మేత లెక్కల నోటుబుక్కు వెనక పేజీల్లో ఎప్పుడు పడుకున్నా, ఎప్పుడు దడ వచ్చింది, ఏం తిన్నా, ఏం తాగా అన్నీ రాశా. డాక్టరు దాకా పోకముందే ఒక సంగతి బయటపడింది: టీ. రాత్రి కాపలాలో ఫ్లాస్కు ఖాళీ అయిన ప్రతి రోజూ దడ గట్టిగా ఉంది.

ఆ నోటుబుక్కు, బీరువా మీది సరుకు మొత్తం సంచిలో వేసుకుని నెల్లూరు పొగతోటలో సైకియాట్రీ డాక్టరు దగ్గరికి వెళ్లా. మేడం గారు ఎగతాళి చెయ్యలేదు. ఒక్కొక్క సీసా తిప్పి లేబుల్ చదివారు.

అశ్వగంధకి కొంత ఆధారం ఉందన్నారు. 2012లో హైదరాబాద్‌లో 64 మంది మీద చేసిన ఒక అధ్యయనం వచ్చిందట. 300 మిల్లీగ్రాముల వేరు సారం, రోజుకు రెండుసార్లు, 60 రోజులు. మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకంటే వీళ్లకి ఒత్తిడి బాగా తగ్గింది. అయితే 64 మంది అంటే చిన్న లెక్క, రెండు నెలలంటే చిన్న గడువు. పైగా అది కొలిచిన సారం, చెంచాడు పొడి కాదు. వేరు మాత్రమే వాడాలి తప్ప ఆకు కలపొద్దని ఆయుష్ శాఖ 2021లో తయారీదారులకు చెప్పింది కూడా. ఇక జాగ్రత్తలు: బీపీ, షుగర్ మాత్రలు వాడేవాళ్లకి అవి ఇంకా దిగిపోవచ్చు. నిద్రమాత్రలతో కలిస్తే మత్తు పెరుగుతుంది. గర్భిణులు వాడకూడదు. అరుదుగా కాలేయం దెబ్బతింటుంది కాబట్టి కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆపెయ్యాలి. థైరాయిడ్ హార్మోను కూడా పెరగొచ్చు. ఆ మాట వినగానే నాకు బావమరిది భార్య గుర్తొచ్చింది. ఆమె థైరాయిడ్ మాత్ర వేసుకుంటూ అవే గమ్మీలు తింటోంది. బయటికొచ్చి మొదట చేసిన ఫోను బెంగళూరుకే.

లేహ్యంలో తీపి ఎక్కువ, దడకి పనిచేస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. మెగ్నీషియం కూడా అంతంతే. ఎక్కువైతే విరేచనాలు, కిడ్నీ జబ్బుంటే ప్రమాదం. చామంతి టీ తాగొచ్చు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లయితే అడిగి తాగాలి. విదేశాల నుంచి తెప్పించుకునే సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక లాంటివి మానసిక జబ్బుల మాత్రలతో అసలు కలపకూడదు. జటామాంసి పొట్లం మాత్రం మేడం గారు పక్కన పెట్టించేశారు. లేబుల్ లేదు, లైసెన్సు నంబరు లేదు. 2008లో ఇంటర్నెట్‌లో అమ్మే ఆయుర్వేద మందుల్ని అమెరికాలో పరీక్షిస్తే అయిదింట ఒకదాంట్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి కనిపించిందట. మా రొయ్యలో యాంటీబయాటిక్ ఆనవాలు ఉంటే కంటైనర్ వెనక్కి పంపుతారు. మేం మింగే పొట్లానికి అడిగే నాథుడే లేడు.

మాత్రలు అప్పుడే వద్దు, ముందు కౌన్సెలింగ్ చూస్తానన్నా. సరే అన్నారు. మొదట టీ: మధ్యాహ్నం దాటితే బంద్. తలనొప్పితో కొన్నాళ్లు చుక్కలు కనిపించాయి గానీ నోటుబుక్కులో తేడా తెలిసింది. తర్వాత శ్వాస: పీల్చేదానికన్నా వదిలేది నిదానంగా, పొడుగ్గా. అన్నిటికన్నా కష్టమైంది ఫోన్లు మానడం. రాత్రిళ్లు కాపలా కుర్రాడికి పదేపదే ఫోన్ చేసి “ఏరేటర్లు తిరుగుతున్నాయా?” అని అడిగేవాణ్ణి. అడిగినప్పుడల్లా కాసేపు హాయి, మళ్లీ దడ. ఆ అడగడమే భయానికి మేతన్నారు కౌన్సెలర్. కరెంటు పోతే మోగే అలారం పెట్టించి, ఫోను పక్క గదిలో ఉంచి పడుకోమన్నారు. ఆ మొదటి రాత్రులు తల్చుకుంటే ఇప్పటికీ చెమట పడుతుంది. కుర్రాడు మాత్రం “అన్నా, నాకూ పీడ పోయింది” అన్నాడు.

ఇవి కుదిరాకే అశ్వగంధ. వేరు సారం ఎంతుందో, లైసెన్సు నంబరేమిటో రాసున్న ఒక్క రకం, మేడం గారితో చెప్పి, బీపీ చూసుకుంటూ రెండు నెలలు. నిద్ర కాస్త ముందు పట్టింది. టీ మానినప్పుడు కనిపించినంత తేడా లేదు. గడువు కాగానే ఆపేశా.

తర్వాత పక్క గుంటలో రొయ్యల్ని చంపే తెల్లమచ్చ జబ్బు వచ్చింది. నా దడ మళ్లీ మొదటికొచ్చింది. ఆ అర్ధరాత్రి 14416కి ఫోన్ చేశా. టెలీ మానస్, కేంద్రం 2022 అక్టోబరులో పెట్టిన ఉచిత సేవ. తెలుగులోనే మాట్లాడారు. మందుల షాపులో నిద్రమాత్ర అడిగి తెచ్చుకోవద్దు, అలవాటు పడిపోతుంది, రేపే డాక్టరుని కలవమన్నారు. కలిశా. ఈసారి మాత్ర రాస్తే వద్దనలేదు. అది పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుందని, నా అంతట నేను ఆపొద్దని చెప్పారు. ఇప్పుడు దాని మీదే ఉన్నా. దడ పూర్తిగా పోలేదు. వచ్చినా గుండెపోటు అనుకుని లేచి కూర్చోవడం లేదు.

గమ్మీలు పారేశాం, జటామాంసి పొట్లం డీలరుకే ఇచ్చేశా. లేహ్యం సీసా అత్తమ్మకి వెనక్కి పంపితే “నీకు పనిచెయ్యకపోతే నాకు చేస్తుందిలే” అని తీసుకుంది. ఆమెకి షుగర్ పరీక్ష చేయించాకే సీసా చేతికిచ్చాం.