కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా లోడు ఎందుకు ఇవ్వరు?

గుంటూరు మిర్చి యార్డులో సీజను జోరుగా నడిచే రోజుల్లో లోడు దొరకడం కష్టమేమీ కాదు. లోడు ఇచ్చేవాడికి మన మీద నమ్మకం కుదరడమే కష్టం. విజయవాడ ఆటోనగర్‌ను నమ్ముకుని ఒకటి రెండు లారీలతో నెట్టుకొస్తున్న యజమానులందరికీ ఇది అనుభవంలో ఉన్న సంగతే. మా బాబాయి గారి రెండు లారీల కాగితాలూ లెక్కలూ చూసేది నేనే కాబట్టి, వ్యాపారుల సరుకుకు లారీలు కుదిర్చే బ్రోకర్ల దగ్గర మా నిజాయితీని రుజువు చేసుకునే పని కూడా చాలావరకు నా మీదే పడింది.

ముందుగా బ్రోకర్ వైపు న్యాయం కూడా చెప్పాలి. క్వింటాలు మిర్చి ధర పన్నెండు వేల రూపాయలనుకుంటే, పదహారు టన్నుల లోడు విలువ పంతొమ్మిది లక్షలు దాటుతుంది. ముక్కూ మొహం తెలియని డ్రైవర్ చేతిలో అంత సరుకు పెట్టి ముంబయికి పంపి, తనకు మిగిలే కొద్దిపాటి కమిషన్ కోసం వ్యాపారికి పూచీ పడేది బ్రోకరే. దొంగ నంబరు ప్లేటు తగిలించుకుని, మార్చిన ఆర్సీ ఫొటో వాట్సాప్‌లో పంపి, లోడుతో సహా మాయమయ్యే ముఠాల సంగతి ఈ వ్యాపారంలో తెలియనివారు లేరు. కనుక బ్రోకర్ అనుమానించడం తప్పు కాదు. ఆ అనుమానం తీర్చుకోవడానికి ఆయన చూసే కాగితాలు మాత్రం అసలు ప్రశ్నకు జవాబు చెప్పేవి కావు.

ఫోన్ చేయగానే ఆయన అడిగేవి ఇవి: ఆర్సీ, ఫిట్‌నెస్, నేషనల్ పర్మిట్, ఇన్సూరెన్స్, పొల్యూషన్, యజమాని పాన్, ఆధార్, క్యాన్సిల్ చేసిన చెక్కు, డ్రైవర్ లైసెన్సు, నంబరు ప్లేటు కనిపించేలా డ్రైవర్‌ను బండి ముందు నిలబెట్టి తీసిన ఫొటో. ఇవన్నీ పంపిన తరువాత కూడా వచ్చే ప్రశ్న ఒకటి ఉంటుంది: "సరేనండీ, ఇక్కడ మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" ఆ నంబరుతో బండి నిజంగానే ఉందని ప్రభుత్వ పరివాహన్ యాప్‌లో కొట్టగానే తెలిసిపోతుంది. బండి యజమాని ఎలాంటివాడో ఏ యాప్‌లోనూ కనిపించదు కాబట్టే ఆ చివరి ప్రశ్న వస్తుంది.

ఒకప్పుడు ఈ ప్రశ్నకు సగం జవాబు నంబరు ప్లేటే చెప్పేది. ఏపీ 16 అంటే కృష్ణా జిల్లా బండి, ఏపీ 07 అంటే గుంటూరు బండి. ఏ ఊరి యూనియన్‌లో వాకబు చేయాలో బ్రోకర్‌కు చూడగానే అర్థమయ్యేది. 2019లో రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 సిరీస్ తెచ్చిన తరువాత కొత్త బండి శ్రీకాకుళానిదో చిత్తూరుదో ప్లేటు చూసి చెప్పడం సాధ్యం కాదు. యజమానులకు ఆ మార్పు వల్ల కొన్ని సౌకర్యాలు కలిగాయి, కాదనను.

పేర్ల గొడవ మరొకటి. ఆర్సీలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాన్ కార్డులో పూర్తిగా ఉంటుంది, బ్యాంకు పుస్తకంలో చివరికి పోయి ఉంటుంది. మనకు ముగ్గురూ ఒకరేనని ఇట్టే తెలుస్తుంది. ముంబయిలో కూర్చుని కంప్యూటర్‌లో సరిపోల్చుకునే గుమస్తాకు మాత్రం ముగ్గురు వేరువేరు మనుషులుగా కనిపిస్తారు. యజమాని కాలం చేసిన ఇళ్లలో పరిస్థితి ఇంకా ఇబ్బందికరం. మరణించిన ముప్పై రోజుల్లోగా రవాణా కార్యాలయానికి తెలియజేసి, మూడు నెలల్లోగా ఫారం 31తో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. బండి మీద అప్పు ఉంటే ఫైనాన్స్ కంపెనీ అభ్యంతరం లేదని రాసివ్వాలి, వారసుల మధ్య ఒప్పందం కుదరాలి. మాకు తెలిసిన ఒకావిడ భర్త పోయిన తరువాత పాత డ్రైవర్‌నే పెట్టుకుని బండి నడిపించుకుంటున్నారు. పేరు మారేవరకు కొత్త బ్రోకర్ ఎవరూ ఆమెకు లోడు ఇవ్వలేదు. భర్తను ఎరిగిన పాత ఆఫీసు ఒక్కటే ఆదుకుంది.

జీఎస్టీ సర్టిఫికెట్ అడిగేవారి విషయంలో నాకు కొంచెం చిరాకే. తన లారీని ట్రాన్స్‌పోర్ట్ కంపెనీకి కిరాయికి ఇచ్చే యజమాని సేవ మీద జీఎస్టీ మినహాయింపు ఉంది. పన్నే పడని పని చేసుకునేవాడికి రిజిస్ట్రేషన్ లేకపోవడంలో వింత ఏముంది? అది లేదనగానే "అయితే మీది కంపెనీ కాదన్నమాట" అంటూ కిరాయి తగ్గించే బేరం మొదలవుతుంది.

అన్నిటికన్నా నన్ను ఆలోచింపజేసే విషయం వేరే ఉంది. పదేళ్లుగా మిర్చి టిక్కీలూ (బస్తాలూ) మామిడికాయలూ ఎక్కడెక్కడికో చేర్చిన యజమానికి, ఆ పని చేసినట్లు తన పేరుతో చూపించగలిగిన కాగితం దాదాపు ఏదీ ఉండదు. సరుకు ఎక్కించినప్పుడు రాసే లారీ రసీదు, అంటే ఎల్ఆర్, ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ పేరుతో ఉంటుంది. సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ పత్రం ఈ-వే బిల్లులో మన బండి నంబరు పడుతుంది గానీ, ట్రాన్స్‌పోర్టర్ ఐడీ ఆ కంపెనీదే. సరుకు భద్రంగా దిగినట్లు ముద్ర వేసి ఇచ్చే పీఓడీ కూడా బ్యాలెన్స్ డబ్బు కోసం బ్రోకర్‌కే పంపించేయాలి. అనుభవం మనది, రికార్డు వాళ్లది. అందుకే కొత్త బ్రోకర్ దగ్గరకు వెళ్లిన ప్రతిసారీ చిన్న యజమాని నిన్న కాక మొన్న బండి కొన్నవాడితో సమానమైపోతాడు.

అమెరికాలో ఉన్న మా బంధువు ఒకాయన అక్కడి ట్రక్కుల వ్యాపారం గురించి చెబుతుంటారు. అక్కడ అంతర్రాష్ట్ర రవాణా చేసే ప్రతి క్యారియర్‌కూ, అంటే సరుకు మోసే ట్రక్కుల యజమానికీ, ప్రభుత్వ రవాణా శాఖ ఇచ్చిన డాట్ నంబరు ఉంటుంది. ఒక్క ట్రక్కు ఉన్నవాడికైనా రోడ్డు మీద జరిగిన తనిఖీలు, ప్రమాదాలు, ఇన్సూరెన్స్ వివరాలు ఆ నంబరు కింద చేరుతూ వస్తాయి, బ్రోకర్ వాటిని సైట్‌లో చూసుకుంటాడు. బ్రోకర్ కూడా 75,000 డాలర్ల పూచీ చూపించనిదే వ్యాపారం చేయకూడదు. అక్కడా మోసాలు లేకపోలేదు, కొత్తవాళ్లను నెలల తరబడి దూరం పెట్టే బ్రోకర్లూ ఉన్నారట. అయినా చేసిన పని చేసినవాడి ఖాతాలో జమ అవుతుందన్నది చిన్న విషయం కాదు.

మన దగ్గర అలాంటిది లేదు కాబట్టి ఉన్నవాటితోనే మేము ఒక పద్ధతి పెట్టుకున్నాము. ఫాస్టాగ్ ఖాతా మన పేరుతోనే ఉంటుంది. ఏ టోల్ గేటు ఏ రోజు ఏ గంటకు దాటామో అందులో ఉంటుంది. గడచిన కొన్ని నెలల స్టేట్‌మెంట్, వాటికి సరిపోయే ఎల్ఆర్‌లూ పీఓడీల ఫొటోలూ ఒక ఫైలుగా కుట్టి, అడిగినవారికి పంపుతున్నాను. పీఓడీని కొరియర్ చేసే ముందు రెండు వైపులా ఫొటో తీయడం డ్రైవర్లకు అలవాటు చేయడానికి చాలా పోరాడవలసి వచ్చింది. ఆర్సీ నకలు పంపేటప్పుడు మాత్రం దాని మీద అడ్డంగా బ్రోకర్ పేరు, తేదీ, ఏ లోడు కోసమో రాసి పంపుతాము. ఉత్త ఫొటో గ్రూపుల్లో తిరిగితే రేపు మన నంబరుతోనే ఇంకెవడో లోడు ఎత్తుకుపోవచ్చు, పోలీసులు వచ్చేది మాత్రం మన ఇంటికే.

ఇంకో మాట కూడా అడగడం మొదలుపెట్టాను. 1865 నాటి పాత చట్టం స్థానంలో వచ్చి, 2011 మార్చి నుంచి అమల్లో ఉన్న 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం సరుకు రవాణా వ్యాపారం చేసేవారు రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. అలా రిజిస్ట్రేషన్ తీసుకోవలసినవారి నిర్వచనంలో బుకింగ్ కంపెనీతో పాటు ఏజెంటునూ బ్రోకర్‌నూ కూడా చేర్చారు, ఆ సర్టిఫికెట్ పదేళ్లు చెల్లుతుంది. మా కాగితాలు అన్నీ పంపిన తరువాత, "మీ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ కూడా ఒకసారి పెట్టండి, సార్" అని మర్యాదగా అడుగుతాను. కొందరు నవ్వేస్తారు, కొందరు ఫోన్ పెట్టేస్తారు. లోడు ఖాయం కాకముందే గేట్ పాస్ ఖర్చులనో రిజిస్ట్రేషన్ ఫీజనో ఏదో పేరు చెప్పి డబ్బు పంపమనేవారైతే ఆ ప్రశ్నతో మళ్లీ కనిపించరు.

సర్టిఫికెట్ పంపినవారి నంబరు, ఎంత అడ్వాన్స్ ఇచ్చారు, పీఓడీ చేరాక బ్యాలెన్స్ ఎన్నాళ్లకు వేశారు, టీడీఎస్ (కిరాయిలోంచి ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోశారా అన్నవి నా నోటు పుస్తకంలో రాసుకుంటాను. పది లేదా అంతకన్నా తక్కువ బండ్లు ఉన్న యజమాని ఆ సంగతి రాసి పాన్‌తో ఇస్తే టీడీఎస్ కోయనవసరం లేదు. అయినా కోసినవారి పేరు పక్కన ఎర్ర గీత ఉంటుంది. ఆటోనగర్‌లో మాలాంటి మరికొందరు యజమానులు లోడు ఒప్పుకునే ముందు ఇప్పుడు ఆ పుస్తకంలో ఏముందని ఫోన్ చేసి అడుగుతున్నారు.