తూపిలిపాలెం ఒడ్డున ఎర దొంగలు: ఫిబ్రవరి నాటి లెక్క

ఈ ఆదివారం 18 సార్లు గాలం వేస్తే 16 సార్లు ముల్లు ఖాళీగా తిరిగి వచ్చింది. మిగిలిన రెండు సార్లలో ఒకసారి వేలెడంత కిళంగాన్ అనే చేప (చెన్నై మిత్రుల పేరే మాకూ అలవాటైపోయింది), ఇంకొకసారి జెల్ల పడ్డాయి. తిరుపతిలో తెల్లవారుజామున 2 గంటలకు బయలుదేరి, శ్రీకాళహస్తి, నాయుడుపేట, వాకాడు మీదుగా వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణించి తూపిలిపాలెం సముద్రపు ఒడ్డుకు వెళ్ళినవాడికి ఇది నలుగురిలో చెప్పుకోదగిన లెక్క కాదు. అమ్మ అయితే గడప దగ్గరే అడిగేసింది: "ఏం నాయనా, ఎండ్రకాయలకు అన్నదానం చేసొస్తా ఉండావా?"

అక్టోబరు నుంచి నన్ను వేధిస్తున్న సమస్య సరిగ్గా అదే. నేను నిలబడే చోట ఇసుక మేట అడ్డుగా పెరిగి పెద్ద అలలను అక్కడే విరగ్గొడుతుంది. మేటకూ ఒడ్డుకూ నడుమ నడుము లోతు గుంట ఒకటి ఉన్నది. చేప తిరగవలసిన చోటు ఆ గుంటే, ఎర మాయమయ్యేదీ అక్కడే. రాడ్ కొన కదలదు, లైను వదులు కాదు, తీసి చూస్తే ముల్లు కడిగినట్టు మెరుస్తూ ఉంటుంది.

ముందు కాలాన్ని కొలిచాను. ఒకే పరిమాణంలో కోసిన రొయ్య ముక్కలను గుంటలో, అంటే సుమారు 35 మీటర్ల దూరంలో వేసి, గడియారం చూసి 3, 5, 8 నిమిషాలకు ఒక్కొక్కటి తీశాను. మూడు నిమిషాలకు ముక్క అంచులు పీచుపీచుగా అయ్యాయి, ఐదు నిమిషాలకు సగమే మిగిలింది, ఎనిమిదికి ఏమీ లేదు. ఒడ్డు నురుగులో, 20 మీటర్ల లోపు వేసిన ఎర పన్నెండు నిమిషాల దాకా నిలిచింది. మేట దాటించి 60 మీటర్లకు విసిరినది తొమ్మిది నిమిషాలు ఆగింది. విసిరే ఊపుకే ఎర ఊడిపోతున్నదేమో అన్న అనుమానం దీనితో తీరిపోయింది, ఎందుకంటే అలాగైతే అన్నిటికంటే దూరం వేసినదే ముందుగా పోవాలి.

తరువాత రొయ్యనే అనుమానించాను. తిరుపతి బజారులో దొరికేది చెరువులో పెంచిన వనామీ రొయ్య. ఐసులో రెండు రోజులున్న దాని కండ నీళ్ళు తగలగానే మెత్తబడుతుంది. రాత్రంతా కల్లుప్పులో ఉంచి గట్టిపరచి, సన్నని ఎలాస్టిక్ దారంతో పన్నెండు చుట్లు చుట్టాను. ఎనిమిది నిమిషాలు పదకొండయ్యాయి, అంతే. ఇప్పుడు దారం మాత్రం చుట్టు చెదరకుండా తిరిగి వస్తున్నది, లోపలి రొయ్య లేదు. పని తెలిసిన దొంగ.

జనవరిలో సంక్రాంతి సెలవులకు వెళ్ళినప్పుడు ముల్లు పక్కనే 8 మిల్లీమీటర్ల థర్మాకోల్ పూస ఒకటి ఎక్కించి, ఎరను నేల నుంచి జానెడు ఎత్తున తేలేలా చేశాను. తీస్తున్నది ఎండ్రకాయలే అయితే వాటికి అందకూడదు. ఎర పద్నాలుగు నిమిషాలు నిలిచింది. సంతోషించేలోగానే ఒక్క గంటలో ఐదు ముళ్ళు పోయాయి. మస్టాడ్ కంపెనీ ముళ్ళు కొంచెం ఖరీదైనా వంగవు, మొద్దుబారవు అని నేను అందరికీ చెబుతూ ఉంటాను, కానీ లైనే తెగిపోతే ముల్లు ఎంత మంచిదైతే ఏమి లాభం?

తెగిన కొసలన్నీ జేబులో వేసుకొచ్చి ఇంట్లో భూతద్దం కింద పెట్టాను. అక్టోబరులో నేల మీద ఎర వేసినప్పుడు దెబ్బతిన్న లీడర్ (ముల్లుకు ముందు కట్టే లైను) ముక్కలు చదునుగా నలిగి, రెండు సెంటీమీటర్ల మేర తెల్లబడి ఉన్నాయి. డెక్కతో నొక్కితేనే అలా అవుతుంది. సంక్రాంతికి తెగినవి అలా లేవు. 0.40 మిల్లీమీటర్ల ఫ్లోరోకార్బన్ లైను కత్తెరతో కత్తిరించినట్టు కొంచెం ఏటవాలుగా, శుభ్రంగా తెగింది. దీనితో దొంగలు ఇద్దరని తేలింది. రెండవవాడు ఆ తరువాత ఒక రోజు తనంతట తానే బయటపడ్డాడు: ఒడ్డు దాకా ఎరను వదలకుండా వచ్చిన అరచేయంత బుడగ చేప ఇసుక మీద పడగానే బంతిలా ఉబ్బి, చిలుక ముక్కులాంటి పళ్ళు టకటక కొట్టింది. ఆ పళ్ళు పైన రెండు, కింద రెండు పలకలుగా అతుక్కుని ఉంటాయి కనుక లైను వాటికి ఒక లెక్క కాదు. అందులోని విషం వండినా పోదు కనుక కూరకు పనికి రాదు. ముల్లు తీసి నీళ్ళలో వదిలేశాను.

ఉక్కు తీగ లీడర్ వాడితే తెగడం ఆగింది, కానీ కిళంగాన్ కూడా రావడం మానేసింది. ఆ తేట నీటిలో తీగ వాటికి కనబడుతున్నదని నా ఊహ. చెన్నై కాశీమేడు చేపల రేవు నుంచి తెప్పించిన స్క్విడ్ పీలికలు పాతిక నిమిషాలు నిలిచాయి, వాటికి పడినవన్నీ జెల్లలే. చీకటి పడ్డాక బుడగ చేపల బెడద కనబడలేదు, ఎండ్రకాయలు మాత్రం రెట్టింపైనట్టు అనిపించింది. వల సర్దుకుంటున్న పెద్దాయన ఒకరు ఇదంతా విని ఒక్క మాటే అన్నారు: "నీళ్ళు ఇంత తేటగా ఉంటే చేప రాదు సార్, ఎండ్రకాయే వస్తాది. కలక మీద రండి." నిజమే కావచ్చు. ఈశాన్య రుతుపవనాల వానలకు స్వర్ణముఖి ఎర్రగా పారి నీరు కలకబారిన డిసెంబరు రెండవ వారంలో ఎర ఇరవై నిమిషాల పైన నిలిచినట్టు నా పుస్తకంలో రాసి ఉన్నది.

ఆ వారమే 1.1 కిలోల మాగ చేప పడింది. పులుసు బాగా కుదిరింది.

నవంబరులో ఈశాన్య గాలికి తీరం వెంట దక్షిణంగా లాగే నీటి ఉరవడిలో లైనుకు బరువుగా కట్టే 60 గ్రాముల సీసం నిలవలేదు, 110 గ్రాములు వేసినా ఇరవై అడుగులు జరిగింది. ఇసుకలో పట్టు దొరికేలా తీగ కాళ్ళున్న సీసం వేశాక ఆ బాధ పోయింది. లైను చుట్టుకునే నా షిమానో 5000 రీల్ ఉప్పునీటికి మూడవ ఏడు కూడా మెత్తగానే తిరుగుతున్నది. నా దృష్టిలో డబ్బు రాడ్ మీద కాక రీల్ మీద పెట్టడమే న్యాయం.

ఇక ముందు సంగతి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో ఒడ్డున తాజా ఎర దొరకడం కష్టం కనుక ఈ లోపలే తేల్చుకోవాలి. అల వెనక్కి తగ్గగానే తడి ఇసుకలోకి దూరిపోయే, గుడ్డు ఆకారంలో బొటనవేలి గోరంత ఉండే జీవులు ఆ ఒడ్డునే గుప్పెళ్ళకొద్దీ దొరుకుతాయి. వాటి పెంకు గట్టిది, పైగా అక్కడి చేపకు అది రోజూ తినే తిండే. వచ్చే అమావాస్య పోటుకు రెండు రాడ్లు వేస్తాను. ఒకదానికి పూసతో ఆ జీవి, రెండవదానికి పూస లేకుండా ఉప్పు రొయ్య, రెండూ అదే గుంటలో, పది అడుగుల ఎడంతో. వాటి పక్కనే రెండడుగుల ఇనుప చట్రానికి వల కట్టి, నడుమ కోడి తలకాయ వేలాడదీసి, పావుగంటకొకసారి ఎత్తి ఎన్ని ఎండ్రకాయలు వచ్చాయో లెక్క రాస్తాను. పెద్దవి దొరికితే ఇంటికి తెమ్మని అమ్మ ఇప్పటికే గోనెసంచి ఒకటి కారులో పెట్టించింది.