శేషాచలం దారుల్లో రాయి చెప్పే సంగతులు

తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు కిటికీలోంచి కొండ కోతను చూడండి. అడుగున పొరల్లేని గ్రానైట్, దానిమీద పేర్చినట్టు పొరలు పొరలుగా క్వార్ట్జైట్, అంటే ఇసుకరాయి గట్టిపడి మారిన రాయి. రెండింటి మధ్య పదుల కోట్ల ఏళ్ల ఖాళీ ఉంది. ఈ అడవిలో నీళ్లు ఎక్కడ దొరుకుతాయో, కాలు ఎక్కడ జారుతుందో తేల్చేది ఆ పైరాయే.

క్వార్ట్జైట్ గట్టిదే కానీ నిలువు పగుళ్లు ఎక్కువ. వాన వాటిలోకి దిగి, కింద నీటిని పోనివ్వని పొర తగిలిన చోట పక్కకు ఊరుతుంది. అందుకే తీర్థాలు, అంటే పవిత్రంగా భావించే నీటి తావులు, చాలావరకు కోనల్లో, నిలువు బండల మొదట్లో ఉంటాయి. కొండ నెత్తిన చదునుగా సాగే దారిలో చుక్క దొరకదు. రోజంతా నడిచే మనిషి 3 లీటర్లు మోసుకోవాలి, ఫిబ్రవరి దాటితే 4.

ఇక్కడ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. నవంబరు వాగులు చూడ్డానికి బాగుంటాయి, నడకకు పనికిరావు. రాతి వాలు నీటిని పీల్చదు, ఎగువన కురిసిందంతా ఇరుకు కోనలోకి ఒక్కసారిగా వచ్చిపడుతుంది. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని నెలల తరబడి మూతపడింది. తేటగా ఉన్న నీళ్లు ఎర్రబడినా, పుల్లలు కొట్టుకొస్తున్నా దాటొద్దు, గట్టెక్కి ఆగండి. జనవరి, ఫిబ్రవరి మంచి నెలలు. తర్వాత చాలా చెట్లు ఆకు రాల్చి నీడ పోతుంది.

తలకోన జలపాతం 270 అడుగులు. అందరూ పైకి చూస్తారు, ప్రమాదం మాత్రం కింద గుండ్రాళ్ల మీది నాచులో ఉంది. దిగేటప్పుడు మడమ ముందు పెడితే పడినట్టే. పాదమంతా ఆన్చి, చిన్న అడుగులు వేయాలి.

ఎర్రచందనాన్ని ఎర్రగా ఉంటుందని వెతికేవాళ్లకు అది కనబడదు. బెరడు నల్లగా, మొసలి వీపులా గళ్లుగళ్లుగా పగిలి ఉంటుంది. ఆకుకు సాధారణంగా మూడు రెబ్బలు, కాయ గుండ్రంగా చుట్టూ రెక్కతో. ఎరుపంతా లోపలి చేవలోనే. గీరి చూడాలన్న సరదా వద్దు: స్మగ్లింగ్ పుణ్యమా అని దారి తప్పినవాడు కూడా ఇక్కడ అనుమానితుడే. ఇక్కడి అడవి 1989 నుంచి జాతీయ ఉద్యానం కాబట్టి అనుమతి లేకుండా లోపలికి వెళ్లడం నేరం కూడా.

చిరుతలు మెట్ల దారి దగ్గరికి రావడానికి కారణం మనం పారేసే తిండి. దానికి కుక్కలూ పందులూ చేరతాయి, వాటికోసం చిరుత వస్తుంది. చీకటివేళ పిల్లలను ముందుకో వెనక్కో ఒంటరిగా వదలకూడదు, మధ్యలో నడిపించాలి. ఎదురైతే పరుగెత్తొద్దు, వంగొద్దు. పిల్లను ఎత్తుకుని, దానివైపే చూస్తూ మెల్లగా వెనక్కి జరగండి.

బంగారు బల్లి చల్లటి రాతి చీలికల్లో ఉంటుంది. ఎక్కువగా చీకటి పడ్డాకే తిరుగుతుంది, కాబట్టి పగలు గుడ్లను చూడండి: తెల్ల బొత్తాల్లా రాతికి అతికి, ఒకేచోట గుంపుగా ఉంటాయి. ముట్టుకోకండి, ఊడితే పగిలిపోతాయి.

లోపలి తీర్థాలకు మామూలు జనం వెళ్లే అవకాశం ముక్కోటి రోజుల్లో: కుమారధారకు మాఘ పౌర్ణమి, తుంబురుకు ఫాల్గుణ పౌర్ణమి. ఆ రద్దీలో బల్లి కాదు కదా, దాని తోక కూడా కనబడదు.