గేటు నుంచి మెట్ల దాకా

మా ఇంటి గేటు నుంచి హైదరాబాద్ హబ్సిగూడ మెట్రో స్టేషన్ మొదటి మెట్టు దాకా నా నడకలో 1,640 అడుగులు. వాన పడితే ఇంకో అరవై కలుస్తాయి, కిరాణా కొట్టు ముందు నీళ్లు నిలిచే గుంటను చుట్టి పోవాలి కాబట్టి. పద్నాలుగు నెలలుగా వారానికి నాలుగు రోజులు ఈ దారిలోనే నడుస్తున్నాను. ఏ మలుపు దగ్గర కుక్క పడుకుంటుందో, ఏ ఇంటి ముందు ముగ్గు ఎన్నింటికి పడుతుందో ఇప్పుడు నాకు తెలుసు.

అంతకుముందు ఆరేళ్లు ఆఫీసుకు కారులోనే పోయాను. ఆఫీసు మాదాపూర్‌లో. తార్నాక, సికింద్రాబాద్, బేగంపేట, జూబ్లీహిల్స్ మీదుగా రానూపోనూ ముప్పై ఎనిమిది, నలభై కిలోమీటర్లు. పొద్దున గంటంపావు పట్టేది, సాయంత్రం ఎంత పడుతుందో చెప్పలేం. పోయినేడు జులైలో ఒక సోమవారం వానలో ఇల్లు చేరేసరికి రెండున్నర గంటలు పట్టింది. క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు ఆ రాత్రంతా సలిపింది. మర్నాడు కారు తీయలేదు.

రైలు కొత్తగా వచ్చిందేమీ కాదు. 2017 నవంబరులో మియాపూర్ నుంచి అమీర్‌పేట మీదుగా నాగోల్ దాకా మొదలైంది. 2019 మార్చికి హైటెక్ సిటీ, అదే ఏడాది నవంబరుకు రాయదుర్గం చేరింది. అంటే నాకు రైలు మారే పని కూడా లేదు. హబ్సిగూడలో ఎక్కితే ముప్పావుగంటలో మాదాపూర్. అయినా అన్నేళ్లు ఎందుకు ఎక్కలేదా అని ఆలోచిస్తే, నాకు అడ్డుపడింది ఈ కిలోమీటరు నడకే. ఇంటి ముందు నిలబడి అటు చూస్తే నడవబుద్ధి కాదు.

ఆ దారి ఎట్లుంటుందో కాస్త వివరంగా చెప్తాను. గేటు దాటగానే ఫుట్‌పాత్ అన్నదే లేదు. ఇళ్లవాళ్లు కార్లు ఎక్కడానికి కట్టుకున్న ర్యాంపులు ఒకదాని తర్వాత ఒకటి రోడ్డు మీదికి వాలి ఉంటాయి. వాటి మీద నడిస్తే మడమ పక్కకు జారుతుంది, అందుకే రోడ్డు అంచునే నడుస్తాను. మూడొందల అడుగులకు పెద్ద వీధి. అక్కడి నుంచి ఫుట్‌పాత్ మొదలవుతుంది, మోకాలెత్తున. యాభై ఏళ్ల మనిషి ఎక్కగలడు, డెబ్బై ఏళ్ల మనిషి ఎక్కలేడు. ఎక్కాక ఇరవై అడుగులు పోతే ట్రాన్స్‌ఫార్మర్. దాని చుట్టూ ఇనుప కంచె, పక్కనే మోరీ, మళ్లీ కిందికి దిగాలి. దిగినచోటే బైకులు వరసగా నిలబెట్టి ఉంటాయి, వాటిని దాటితే ఇంకో ఎక్కుడు. ఆ తర్వాత టిఫిన్ బండి. బండి ఆమె మీద నాకు కోపం లేదు. పొద్దున్నే ఆ వీధికి వెలుగూ మనుషుల అలికిడీ తెచ్చేది ఆమెనే. ఆమె బండికి చోటు వదిలి, నడిచేవాళ్లకు చోటు వదిలి, మిగిలినది బండ్లకు ఇచ్చినా ఆ రోడ్డు సరిపోతుంది. వెడల్పు అంత ఉంది.

తొమ్మిది వందల అడుగుల దగ్గర మోరీ మీది బండ ఒకటి పగిలి ఉండేది. పోయినేడు సెప్టెంబరులో చీకటిపడ్డాక కుడికాలు అందులో దిగింది. పిక్క మీద జానెడు గీత, టెటనస్ ఇంజెక్షన్, మూడు రోజులు కుంటు. ఫిర్యాదు పెడితే పదకొండు వారాలకు కొత్త బండ వేశారు. నాకు తగిలిన దెబ్బ పెద్దదేం కాదు. కానీ అదే దారిలో రోజూ ఒక పెద్దమ్మ గుడికి పోతుంది, చేతిలో పూల సజ్జ. ఆమె కాలే పడి ఉంటే తుంటి విరిగేది. పిక్క మానినా ఈ ఆలోచన మానలేదు.

చివరిది పెద్దరోడ్డు. ఇక్కడొక సంగతి చాలామందికి తట్టదు. మెట్రో స్టేషన్ మెట్లెక్కి, టికెట్ గేట్ల దాకా పోకుండా, అటువైపు మెట్ల గుండా దిగితే రోడ్డు దాటినట్టే. టికెట్ అక్కర్లేదు. లిఫ్టు, ఎస్కలేటర్ కూడా ఉంటాయి. ఆ గుడికి పోయే పెద్దమ్మకు నేను చూపించాను. ఇప్పుడు ఆమె లిఫ్టులో పోతుంది, ఎదురైతే ఒక పువ్వు చేతిలో పెడుతుంది. అట్లాంటిదే ఉప్పల్ చౌరస్తాలో 2023 జూన్‌లో తెరిచిన స్కైవాక్, రింగులా చుట్టూ తిరిగి అన్ని రోడ్లనూ కలుపుతుంది. ఆ చౌరస్తాను ఒకప్పుడు ఎట్లా దాటేవాళ్లమో తెలిసినవాళ్లకే దాని విలువ తెలుస్తుంది.

నిజం చెప్పాలంటే మా ఇంట్లో బండి మానింది మొదట నేను కాదు, మా ఆవిడ. ఆమె ఘట్‌కేసర్ వైపు ఒక స్కూల్లో టీచర్. ఏళ్ల తరబడి స్కూటీ మీదే పోయింది. 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సులు ఉచితమయ్యాక, ఆ నెలలోనే ఉప్పల్ నుంచి బస్సు పట్టుకుంది. ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టి ఇస్తుంది. మొదట్లో సీటు దొరక్క కాళ్లు లాగేవి. ఇప్పుడూ సగం రోజులు నిలబడే పోతుంది. అయినా స్కూటీ ముట్టదు. లారీల మధ్య ఆ రోడ్డు మీద ఇన్నేళ్లూ ఎంత భయపడుతూ బండి నడిపిందో బస్సెక్కాకే చెప్పింది. అదే ఇంట్లో ఉండి నాకది తెలియలేదు. బస్సులో ఆమెకు ఇప్పుడొక బలగం ఉంది: పూలమ్మే ఇద్దరు, నర్సింగ్ చదివే పిల్లలు, ఒక అంగన్‌వాడీ టీచర్. ఒకరు రాకపోతే మిగతావాళ్లు ఫోన్ చేస్తారు.

మన ఆర్టీసీ బస్సుల మీద నాకు మొదటి నుంచీ ప్రేమ. నిజాం కాలంలో, 1932లో, రైల్వే వాళ్ల చేతి కింద 27 బస్సులతో మొదలైన సర్వీసు ఇది. బస్సు నంబరు ప్లేటు మీది జెడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టిందని మా నాయిన చెప్పేవాడు. చిన్నప్పుడు ఆ జెడ్ కనబడని బస్సును నేను బస్సుగా లెక్కపెట్టేవాణ్ని కాదు.

ఇక సైకిలు. పాతది, మూడు వేల ఎనిమిది వందలకు కొన్నాను. నల్లది, గేర్లు లేవు, వెనక క్యారియర్, ముందు బుట్ట. ఆదివారం రైతుబజారుకు, సాయంత్రాలు పాలకూ మందులకూ అదే. ఇదివరకు కిలోన్నర దూరంలోని కూరగాయలకు కూడా కారు తీసేవాణ్ని. టన్ను బరువున్న ఇనుమును కదిలించి రెండు కిలోల టమాటాలు తెచ్చేవాణ్ని. అక్కడ పార్కింగుకు పట్టే టైములో ఇప్పుడు ఇంటికి వచ్చేస్తున్నాను.

మా వీధి చివర సైకిళ్లు బాగుచేసే పెద్దాయన ఉన్నాడు. మొదటిసారి పంక్చరై తోసుకుంటూ పోతే నన్ను పైకీ కిందికీ చూసి, "ఏం సారూ, కారు అమ్మిన్రా?" అన్నాడు.

"లేదు పెద్దాయనా, ఉన్నది. దీని మీద తిరగాలనిపిస్తున్నది."

"మంచిదే. కూసోండ్రి."

టైరు విప్పకుండా రెండు రేకుల పుల్లలతో ఒకవైపు అంచు మాత్రం పైకి లేపాడు. ట్యూబును బయటికి లాగి, కొంచెం హవా కొట్టి, అంచులు నల్లబడ్డ సత్తు బేసిన్ నీళ్లలో జానెడు జానెడు చొప్పున ముంచుతూ పోయాడు. ఒకచోట సన్నటి బుడగలు దారం పోగులా లేచాయి. అక్కడ బొటనవేలు పెట్టి, తడి తుడిచి, ఉప్పుకాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి నోటితో ఊదాడు. వెంటనే అతికించలేదు. వేలి వెనక వైపుతో తాకి చూసి, అంటుకోకుండా వదిలేదాకా ఆగాడు. అప్పుడు పట్టీ వేసి, చిన్న సుత్తితో నాలుగు దెబ్బలు. తర్వాత టైరు లోపల వేళ్లతో తడిమి, ముల్లు తీసి నా చేతిలో పెట్టాడు. "ముల్లు తియ్యకుంట అతికిస్తే రేపు మళ్లొస్తరు." ముప్పై రూపాయలు. ఒకప్పుడు ఆయన దగ్గర గంటకు అద్దెకిచ్చే సైకిళ్లు పన్నెండు ఉండేవట. ఇప్పుడు ఆ చుట్టుపక్కల సైకిళ్ల పని చేసేది ఆయనొక్కడే. ఆయన చేతికింద ఎవరూ లేరు. ఇది నన్ను చాలా బాధపెడుతుంది.

అవుటర్ రింగురోడ్డు పక్కన సోలార్ పలకల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరులో తెరిచారు. ఒకసారి పోయి తొక్కాను, హాయిగా ఉంది. కానీ మా ఇంటి నుంచి అక్కడికి సైకిలు కారెక్కించుకుని పోవాలి. నాకు కావాల్సింది రైతుబజారుకూ, మా అమ్మాయి స్కూలుకూ, స్టేషనుకూ పోయే దారిలో ఒక బారెడు చోటు. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. సైకిల్ బాగా తొక్కుతుంది. ఆ రోడ్డు మీదికి పంపడానికి నాకు ధైర్యం చాలడం లేదు. పిల్ల అడిగిన ప్రతిసారీ వద్దంటున్నాను, అన్న ప్రతిసారీ గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

ఖర్చు సంగతి అడుగుతారు కాబట్టి చెప్తున్నా. పెట్రోలు లీటరు 107 దాటింది. ట్రాఫిక్‌లో నా కారు పన్నెండుకు మించి ఇవ్వదు. రోజుకు మూడొందల నలభై అయ్యేది, మెట్రోకు రానూపోనూ నూట పాతిక దాటదు. కారు అమ్మలేదు, అమ్మబోను కూడా. ఊరికి పోవాలన్నా, అర్ధరాత్రి ఆసుపత్రికి పోవాలన్నా కావాలి. ఇదివరకు నెలకు పదకొండు వందల కిలోమీటర్లు తిరిగే బండి ఇప్పుడు రెండున్నర వందలు తిరుగుతోంది. ఎండాకాలం గొడుగు, బ్యాగులో ఇంకో చొక్కా, ఆఫీసు డ్రాయరులో బూట్లు. నాకైన ఏర్పాటు అంతే.

మా నాయిన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్లు పనిచేశాడు. అన్నేళ్లూ తార్నాక నుంచి సైకిలే. ముందు కడ్డీకి చిన్న సీటు బిగించి నన్ను కూర్చోబెట్టుకునేవాడు. రాత్రి డ్యూటీకి డైనమో లైటు. చక్రానికి డైనమో ఆనగానే వచ్చే ఆ గుర్రుమనే చప్పుడు నాకు ఇంకా చెవుల్లో ఉంది. ఇప్పుడాయనకు డెబ్బై ఎనిమిది. మెట్రో వచ్చిన ఇన్నేళ్లలో ఒక్కసారి ఎక్కలేదు. స్టేషన్లో లిఫ్టు ఉంది, రైల్లో పెద్దవాళ్లకు సీటు ఉంది. ఇంటి నుంచి లిఫ్టు దాకా పోవడమే కాలేదు.

మొన్న సంక్రాంతి సెలవుల్లో తీసుకెళ్లాను. పోయేటప్పుడు స్టేషన్ దాకా ఆటోలో. తార్నాక దాటాక ఆయన లేచి తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. కూర్చోమన్నా వినలేదు. మెట్టుగూడ వస్తుంటే కింద రైల్వే క్వార్టర్ల చెట్లు కనిపించాయి. "ఈ చడావులో దిగి తోసేటోన్ని. నీకు అప్పుడు నాలుగేండ్లు," అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు. ఆలుగడ్డబావి దగ్గర వంతెన కింద పట్టాలు వచ్చినప్పుడు మాత్రం అద్దానికి నుదురు ఆనించి, అవి కనబడకుండా పోయేదాకా చూశాడు.

తిరిగొచ్చి హబ్సిగూడలో దిగాక ఆటో పిలవబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. నడుద్దామన్నాడు. నేను పదిహేను నిమిషాల్లో నడిచే దారి ఇద్దరికీ యాభై నిమిషాలు పట్టింది. టిఫిన్ బండి ఆమె స్టూలు వేసి కాసేపు కూర్చోబెట్టింది. ఆయన టీ అడిగి తాగాడు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫుట్‌పాత్ దిగలేక, ముందు నేను రోడ్డు మీదికి దిగి, ఆయన రెండు చేతులూ నా భుజాల మీద వేయించుకుని దింపాను. అక్కడి నుంచి ఆయన గోడవైపు, నేను బండ్లవైపు. ఒక బైకు హారన్ కొడితే ఆయన ఆగిపోయాడు. నేనూ ఆగాను. అది పోయాక మళ్లీ నడిచాం, గేటు దాకా.