లోవెల్ నేత హాలు: చెవులు మూసుకుని చూడాల్సిన మ్యూజియం

లోవెల్ అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని పాత నూలుమిల్లుల ఊరు. బోస్టన్ నార్త్ స్టేషన్ నుంచి అక్కడికి బండి ముప్పావుగంట. శని, ఆదివారాల్లో 10 డాలర్ల పాస్ సరిపోతుంది గానీ బండికీ బండికీ మధ్య ఎడం చాలా ఎక్కువ. ఒకటి తప్పితే పూట పోయినట్టే. స్టేషన్ నుంచి మ్యూజియం ఉన్న బూట్ మిల్లు దాకా ఎండలో నడక వేరే.

నేత హాలు గుమ్మం దగ్గర ఇయర్‌ప్లగ్‌లు ఇస్తారు. మొహమాటపడి జేబులో వేసుకున్నవాళ్ళు నాలుగడుగులు వేశాక వాటికోసం వెతుక్కుంటారు. లోపల డ్రేపర్ కంపెనీ మగ్గాలు వరుసలుగా ఉన్నాయి. నడిపేది కొన్నే, అయినా కాళ్ళకింద చెక్క నేల అదురుతుంది. సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) చప్పుడు ఎరిగినవాళ్ళు ఆ వీధంతా ఒకే కప్పు కిందికి తెచ్చినట్టు ఊహించుకోండి. పైన హాలు పొడవునా ఇనుప షాఫ్టు తిరుగుతుంటే, దాన్నుంచి మగ్గాలకు బెల్టులు దిగుతాయి.

ఒక మగ్గం దగ్గర ఆగి చూడండి. పడుగులో ప్రతి పోగుకీ ఒక పల్చటి ఉక్కు రేకు వేలాడుతుంది. పోగు తెగితే రేకు కిందపడి మగ్గాన్ని ఆపేస్తుంది. కండె అయిపోతే పక్కనున్న గుండ్రటి చట్రం నుంచి కొత్త కండె, పేకను అటూ ఇటూ మోసుకెళ్ళే నాడెలోకి దానంతటదే దూరుతుంది. ఈ ఏర్పాట్లతో డ్రేపర్ మగ్గం 1890ల్లో గానీ మార్కెట్లోకి రాలేదు. అంతకుముందు ఆ పనంతా నేతగత్తె కళ్ళూ చేతులూ చేయాలి, ఒక్కోసారి నోరు కూడా. కండె మార్చినప్పుడల్లా నాడె కంటికి (నూలు బయటికొచ్చే రంధ్రానికి) పెదవులు ఆనించి పేక నూలును బయటికి పీల్చేవారు. నూలుతోపాటు దూది నుసి గొంతులోకి పోయేది, అదే నాడె ఇంకొకరి నోటికి వెళ్ళేది. క్షయ పాకుతుందన్న భయంతో మసాచుసెట్స్ 1911లో అలాంటి నాడెలను నిషేధించింది.

ఆ పెద్ద పెద్ద కిటికీలు చూసి గాలి బాగా ఆడేదనుకోకండి. గాలి పొడిగా ఉంటే పడుగు పెళుసెక్కి తెగుతుంది. అందుకని వేసవిలో సైతం కిటికీలు మూసి, హాల్లోకి ఆవిరి వదిలేవారు. నూలుకి సుఖం, మనిషికి ఉక్క. చప్పుడు వినిపించగల మ్యూజియం ఈ ఉక్కపోత చూపించలేదు కదా.

1830ల్లో ఇక్కడ పనిచేసింది ఎక్కువగా న్యూ ఇంగ్లాండ్ రైతుల కూతుళ్ళు, వారానికి 73 గంటల దాకా. ఉండేది కంపెనీ వసతిగృహాల్లో, రాత్రి 10కి తలుపులు మూత. 1834లో కూలి తగ్గించినప్పుడు, 1836లో వసతి ఖర్చు పెంచినప్పుడు పని ఆపి వీధికెక్కారు. 1840ల్లో యాజమాన్యాలు వేరే దారి పట్టాయి: మనిషికి రెండున్న మగ్గాలు మూడు, నాలుగు చేసి, వేగం పెంచి, గుడ్డ తానుకిచ్చే రేటు తగ్గించారు. చేతికందే డబ్బు అంతగా తగ్గినట్టు కనిపించదు, నేసిన గుడ్డ మాత్రం ఎంతో పెరుగుతుంది. వసతిగృహం ప్రదర్శనలోని భోజనాల బల్ల కన్నా ఈ లెక్కకే పెద్ద చోటు ఇవ్వాలని నా అభిప్రాయం. మిల్లు కార్మికురాలు సారా బాగ్లీ లాంటివాళ్ళు 1845 నుంచి పది గంటల పనిదినం కోసం సంతకాలు సేకరించారు. ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆ చట్టం వచ్చేసరికి 1874.

దూది అమెరికా దక్షిణాది బానిసలు పండించినది. ఇక్కడ నేసిన ముతక గుడ్డలో కొంత తిరిగి వాళ్ళ ఒంటిమీదికే వెళ్ళింది.

కాలవలు తవ్వినవాళ్ళు ఐరిష్‌వాళ్ళు. 1822లో హ్యూ కమిస్కీ ముప్పై మందిని చార్లెస్‌టౌన్ నుంచి నడిపించుకొచ్చాడు. కంపెనీ ఇళ్ళు వాళ్ళకు దక్కలేదు. ఏకర్ అనే చోట గుడిసెలు వేసుకున్నారు. తర్వాత వాళ్ళ ఆడవాళ్ళు మిల్లుల్లో చేరారు. వెనకే ఫ్రెంచ్ కెనడియన్లు, గ్రీకులు వచ్చారు. 1830లో 6,500 దాకా ఉన్న జనాభా 1850కి 33,000 దాటింది. ఇప్పుడు మధ్యాహ్నం అన్నం దొరికేది 1980ల్లో శరణార్థులుగా వచ్చిన కంబోడియావాళ్ళ హోటళ్ళలో. బోస్టన్ శాండ్‌విచ్ ధర తలుచుకుంటే ఎంతో నయం.

ఓపికుంటే సఫక్ మిల్లులో టర్బైన్ (నీటి తోపుతో తిరిగే చక్రం) చూడండి. మెరిమాక్ నది ఇక్కడ 32 అడుగులు దిగుతుంది, ఊరంతా నడిచింది ఆ దిగుడు మీదే. ఇంజనీరు జేమ్స్ ఫ్రాన్సిస్ తన టర్బైన్‌కి రూపమిచ్చింది ఈ కాలవల మీదే. శ్రీశైలం జలవిద్యుత్ కేంద్రంలో తిరిగేవీ ఆ రకమే. సఫక్ మిల్లు ఏడాది పొడవునా తెరిచి ఉండదు, ముందే అడిగి బయల్దేరండి.