సగం గీసిన అచ్చు

2025 మార్చి 25, మంగళవారం, హైదరాబాద్

కలంకారీ అద్దకానికి పేరున్న పెడన నుంచి గుడ్డ ఫొటోలు పొద్దున్నే వచ్చాయి. మా విద్యార్థులూ బ్రిటన్ విద్యార్థులూ ఆన్‌లైన్‌లో కలిసి చేస్తున్న అచ్చు డిజైన్ల నమూనాలవి. అటు బ్రిటన్ విద్యార్థుల నుంచి వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే: ఎరుపు ఏది? నల్లగీత నిండుగా కనబడుతోంది. ఎరుపు ఉండాల్సిన చోట మాత్రం పాలిపోయిన గులాబీ మరక తప్ప ఏమీ లేదు. అందుకే ఫొటోలు ఉమ్మడి ఫోల్డర్‌లోకి వెళ్లేముందే ఒక్కొక్కదాని కింద "ఇది ఉడకబెట్టక ముందు" అని రాయించాం.

కరక్కాయ నీళ్లలో తడిపి ఆరబెట్టిన నూలు గుడ్డ మీద, తుప్పు ఇనుమూ బెల్లమూ రోజుల తరబడి నానబెట్టి తీసిన నీళ్లతో అద్దితే, కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం ఇనుముతో కలిసి కళ్లముందే నల్లబడుతుంది. ఎరుపు అలా రాదు. ఎర్ర అచ్చుతో గుడ్డ మీద పెట్టేది అసలు రంగే కాదు, పటిక. దానికి సొంత రంగు లేదు గనక, ఎక్కడ అద్దారో తెలియడానికి ఉతికితే పోయే రంగు కాస్త కలుపుతారు. తరువాత గుడ్డను ఉతికి అలిజరిన్ అనే ఎర్రరంగు నీళ్లలోనో మంజిష్ఠ వేరు నీళ్లలోనో ఉడికిస్తే పటిక ఉన్నచోటే ఎరుపు పట్టుకుంటుంది, మిగతాచోట ఉతుకులో వదిలిపోతుంది. తెర మీద రంగు నొక్కగానే రంగు కనబడే పనికి అలవాటుపడ్డ విద్యార్థికి ఈ ఆలస్యం కొత్త. మొదటివారం ఇచ్చే కాగితంలోనే ఇది ఉండాలి. లేకపోతే మధ్యలో వచ్చిన ఫొటో చూసి, పని చెడిపోయిందనుకుని, బాగున్న డిజైన్‌ని మార్చేస్తారు.

ప్రాజెక్టు ఆరు వారాలు. ఇక్కడ 12 మంది, అక్కడ 12 మంది. నలుగురికొక జట్టు, ఇద్దరు ఇటు, ఇద్దరు అటు. ప్రతి జట్టూ రెండు నమూనాలు చేయాలి. ఒకటి అక్కడ మొదలై ఇక్కడ పూర్తవుతుంది, రెండోది ఇక్కడ మొదలై అక్కడ పూర్తవుతుంది. "పూలు నువ్వు గియ్యి, అంచు నేను గీస్తా" అని పంచుకోవడం కుదరదు. అలా పంచుకుంటే ఎవరి పని వాళ్లు చేసుకుని చివర్లో అతికిస్తారు, ఒకరి చేతి గుణం ఇంకొకరికి తెలియనే తెలియదు. సగం గీసినదాన్ని ఇంకొకరి చేతిలో పెట్టి, వాళ్లు దాన్ని ఎటు తీసుకెళ్తారో చూసి, ఒప్పుకోవడమో వాదించడమో చేసినప్పుడే అది కలిసి చేసిన పని. విదేశీ తరగతులను ఇలా ఆన్‌లైన్‌లో జతకలిపే పద్ధతికి కాయిల్ అన్న పేరుతో 2006లో న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో కేంద్రం పెట్టింది జాన్ రూబిన్. ఆయన సినిమా పాఠాలు చెప్పే మాస్టారు. కళల తరగతిలో పుట్టిన పద్ధతి గనకే ఇందులో ఉపన్యాసం వినడం కంటే పని ఇచ్చిపుచ్చుకోవడానికే పెద్దపీట.

రెండు దిక్కులా నడవాలన్న పట్టుదలకు చరిత్ర కూడా ఒక కారణం. మచిలీపట్నం అద్దకం గుడ్డలు 17వ శతాబ్దంలోనే ఓడలెక్కి ఇంగ్లండ్ వెళ్లాయి. 1643లో లండన్‌లోని ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు సూరత్‌కు రాస్తూ, అడుగు రంగు ఎరుపున్న దుప్పట్లు మా దగ్గర అంతగా నచ్చడం లేదు, అడుగు తెలుపు ఎక్కువగా ఉంచి మధ్యలో కొమ్మలూ పూలూ వేయించండి అని అడిగారు. పూలు ఎలా ఉండాలో చిత్రకారుడి ఇష్టానికే వదిలారు, అదీ గమనించాలి. కానీ కోరేది అటు, చేసేది ఇటు. 1721 నాటికి బ్రిటన్ పార్లమెంటు అద్దకపు నూలు బట్టల వాడకాన్నే చాలావరకు నిషేధించింది. ఇప్పటి విద్యార్థులు కూడా తెలియకుండానే ఆ పాత దారిలో పడతారు. అక్కడివాళ్లు గీసి పంపుతారు, ఇక్కడివాళ్లు పెడనకు మోసుకెళ్లి అద్దించి ఫొటోలు తీసి పంపుతారు. చూడ్డానికి ప్రాజెక్టు బ్రహ్మాండంగా ఉంటుంది, నిజానికి అది ఆర్డరు. అందుకే ఇక్కడ మొదలైన నమూనాలను అక్కడివాళ్లు తమ వర్క్‌షాపులో, తమ చేతులతో అచ్చు చేసి అద్ది తీరాలి.

ఇవాళ ఎక్కువ సమయం తిన్నది టైల్ కొలతే, అంటే పక్కపక్కన పేర్చితే డిజైన్ అయ్యే ముక్క కొలత. 15 సెంటీమీటర్ల చదరం, 300 పీపీఐ (అంగుళానికి 300 పిక్సెళ్లు) అని రెండు జట్లు పెట్టుకున్నాయి. లెక్క వేస్తే 1771.65 పిక్సెళ్లు వస్తుంది. పిక్సెల్‌కి ముక్కలుండవు గనక సాఫ్ట్‌వేర్ ఒకచోట పైకి, ఒకచోట కిందికి సవరిస్తుంది. టైల్‌ని పక్కపక్కన పేర్చగానే సన్నటి తెల్లగీత బయటపడుతుంది. కొలతను పిక్సెళ్లలోనే పెట్టుకుంటే బాధ లేదు: 1800 పిక్సెళ్లు, అంటే సరిగ్గా 6 అంగుళాలు, 15.24 సెంటీమీటర్లు. పక్క వరుస సగం టైల్ కిందికి దిగే హాఫ్ డ్రాప్ రిపీట్‌కి ఎత్తు సరిసంఖ్యే కావాలి, 1800లో సగం 900 కాబట్టి అదీ తీరుతుంది.

వెక్టర్‌లో, అంటే పిక్సెళ్లతో కాకుండా గీతలూ ఆకారాలతో, గీసేవాళ్లకు ఇంకో గొడవ. ఇటు వాడే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్, అటు ఇలస్ట్రేటర్. గీతలను స్ట్రోకులుగానే (మందం విడిగా సెట్ చేసే గీతలుగానే) వదిలేసి ఫైలు పంపితే, అవతలివాళ్లు బొమ్మను తగ్గించినప్పుడు వాళ్ల సెట్టింగ్‌ని బట్టి గీత మందం తగ్గకపోవచ్చు. బొమ్మ చిన్నదై గీత అంతే మందంగా ఉంటే మధ్య ఖాళీలు పూడుకుపోతాయి. చేతులు మారేముందు స్ట్రోకులను ఆకారాలుగా మార్చి, రెండు సాఫ్ట్‌వేర్లూ తెరవగల ఎస్‌వీజీ ఫైలుగా దాచి పంపాలి. టేకు అచ్చుకి మేం పెట్టిన హద్దు: గీత 1 మిల్లీమీటరు కంటే సన్నం కాకూడదు, రెండు గీతల మధ్య 2 మిల్లీమీటర్లు తగ్గకూడదు. సన్నగీత చెక్క పొర వెంట విరిగిపోతుంది, ఇరుకు ఖాళీలో అద్దే ముద్ద నిండి గుడ్డ మీద మచ్చగా దిగుతుంది.

అద్దం తిప్పుడు గురించి ఒక్క మాట, ఎందుకంటే ఇది ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుంది. చెక్క మీద బొమ్మ తిరగబడి ఉండాలి. గీసినవాళ్లు ముందుజాగ్రత్తగా తిప్పి పంపుతారు, అచ్చు చెక్కించేవాళ్లు అలవాటుగా మళ్లీ తిప్పుతారు. రెండుసార్లు తిరిగిన చిలక గుడ్డ మీద తప్పు దిక్కుకి చూస్తుంది. ఫైలు ఎప్పుడూ గుడ్డ మీద కనబడాల్సినట్టే ఉండాలి, అచ్చు చేయించేవాళ్లే తిప్పాలి. పెడనలోనైతే ట్రేసింగ్ కాగితాన్ని బోర్లించి చెక్కకు అంటిస్తే చాలు.

అక్కడి విద్యార్థులు అచ్చుల కోసం చెక్కకు బదులు లైనో పలకలను లేజర్‌తో కోస్తున్నారు. అవిసెనూనెతో చేసిన అసలు లైనోలియం అయితే ఫరవాలేదు. మెత్తగా కోయడానికి దొరికే పలకల్లో కొన్ని పీవీసీ ప్లాస్టిక్‌వి, వాటిని లేజర్ కింద పెడితే క్లోరిన్ కలిసిన విషపు పొగ వస్తుంది, యంత్రమూ తుప్పుపడుతుంది. పలక దేనితో చేసిందో తెలిశాకే కోయాలని ఇవాళ కాల్‌లో మళ్లీ చెప్పుకున్నాం. ఇంకో తేడా నీళ్లది. మంజిష్ఠ ఎరుపుకి నీళ్లలో సున్నపు గుణం కావాలి. లండన్ చుట్టుపక్కల నీళ్లు గట్టివి (సున్నపు గుణం ఎక్కువ), స్కాట్లండ్‌లో చాలాచోట్ల మెత్తవి. మెత్తనీళ్లలో ఎరుపు నీరసంగా వస్తే చిటికెడు సుద్దపొడి వేసి చూడాలి, పటికను అనుమానించడం తరువాత.

రంగు గురించి తెర మీద తగవు పడొద్దని మొదట్లోనే ఒప్పుకున్నాం. ఫోన్ కెమెరా ఎరుపు ఎక్కువున్న ఫ్రేము చూసి దాన్ని నీలం వైపు జరుపుతుంది, రాత్రిపూట లాప్‌టాప్ తెర తనంతట తానే పసుపెక్కుతుంది. 5 సెంటీమీటర్ల గుడ్డముక్కలకు నంబర్లు వేసి, ఒక సెట్టు మొదటివారమే పోస్టులో పంపాం. "4వ నంబరు ఎరుపు" అంటే ఇద్దరి చేతిలోనూ ఒకే ముక్క. దాన్ని కిటికీ వెలుగులో చూడాలి, ట్యూబులైటు కింద కాదు. ఫొటో తీసేటప్పుడు రంగు సరిచూసుకోవడానికి పక్కన గ్రే కార్డు (బూడిదరంగు అట్ట) పెట్టాలి.

కాల్ మధ్యాహ్నం 3:30కి, అక్కడ ఉదయం 10. మొదటి 8 నిమిషాలు ఎవరూ మాట్లాడరు, అందరూ మీరో (Miro) అనే ఆన్‌లైన్ బోర్డు మీద చీటీలు పెడతారు. ఈ నిశ్శబ్దం మన పిల్లల కోసమే. మనసులో తెలుగులో అనుకుని ఇంగ్లిష్‌లోకి తెచ్చుకునేలోపు అవతల మాట ముందుకెళ్లిపోతుంది, ఇక నోరు విప్పరు. చీటీ మీద రాసిపెట్టుకున్నవాళ్లు మాత్రం తమ వంతు రాగానే గట్టిగానే వాదిస్తారు. "బాగుంది" అనే చీటీని లెక్కలోకి తీసుకోం. బొమ్మ మీద చోటు చుట్టి చూపాలి, ఏం మార్చాలో రాయాలి, ఒక కాపీలో మార్చి పక్కన పెట్టాలి. అసలు ఫైలు మీద ఎవరూ చేయి వేయరు. ఫైలు పేరులో జట్టు, నమూనా, వెర్షన్, ఊరు ఉంటాయి, "ఫైనల్" అనే మాట ఉండదు.

వచ్చేవారం టైము జాగ్రత్త. ఆదివారం, మార్చి 30న, బ్రిటన్‌లో గడియారాలు గంట ముందుకు జరుగుతాయి, ఆ రోజే మనకు ఉగాది. నెలవంకను బట్టి సోమవారమో మంగళవారమో రంజాన్. అందుకని కాల్‌ని ఏప్రిల్ 2, బుధవారానికి జరిపాం: అక్కడ 10 గంటలే, ఇక్కడ మాత్రం 2:30. వాట్సాప్‌లో "ఎప్పటిలాగే" అని పెట్టొద్దు, టైమ్ జోన్‌తో క్యాలెండర్ ఆహ్వానమే వెళ్లాలి. అమెరికా కాలేజీతో చేసేవాళ్లకు ఇబ్బంది ముందే మొదలైంది, అక్కడ మార్చి 9నే మార్చేశారు.

మార్కుల సంగతి రెండు వైపులా ఒకేలా ఉండాలి. ఒకవైపు ఇంటర్నల్ మార్కులుండి ఇంకోవైపు సర్టిఫికెట్ మాత్రమే ఉంటే నాలుగోవారానికి ఆ వైపు ఫైళ్లు ఆగిపోతాయి, అది విద్యార్థుల బద్ధకం కాదు. ప్రదర్శనలో పెట్టే చీటీ మీద నలుగురి పేర్లతోపాటు, వాళ్లు ఒప్పుకుంటే, అచ్చు చెక్కినవారి పేరూ అద్దినవారి పేరూ అదే సైజు అక్షరాల్లో వేయాలి. కూలీ ముందే మాట్లాడుకోవాలి, విద్యార్థుల ప్రాజెక్టు కదా అని తగ్గించమని అడగకూడదు.

రేపటి పనులు: ఉడికిన గుడ్డల ఫొటోలు అవే ఫ్రేముల్లో తీయించి పాతవాటి పక్కనే పెట్టాలి. 2, 5 జట్ల టైళ్లు 1800కి మార్చారో లేదో చూడాలి. రెండో సెట్టు గుడ్డముక్కలు శుక్రవారం సాయంత్రంలోగా పోస్టులో పడాలి, కస్టమ్స్ కాగితంలో అమ్మకానికి కాదు, నమూనాలు అని రాయాలి.