సిగరెట్‌కి చివరుంటుంది, వేప్‌కి ఉండదు – నా అనుభవం

ముందే చెప్పేస్తున్నా. సిగరెట్ అలవాటు లేనివాళ్లు ఇది చదివి వేప్ (నికోటిన్ ద్రవాన్ని బ్యాటరీతో వేడిచేసి ఆవిరిగా పీల్చే ఈ-సిగరెట్) మొదలుపెట్టాల్సిన పని లేదు. ఇండియాలో ఉన్నవాళ్లకైతే 2019 నుంచి దీన్ని అమ్మడం, తెప్పించుకోవడం నేరం. నేనుండేది ఇంగ్లండ్‌లో, కోవెంట్రీలో. ఇక్కడ 18 ఏళ్లు నిండిన ఎవరైనా షాపులో కొనుక్కోవచ్చు. నా సమస్య కొనడం కాదు, ఏది కొనాలన్నదే. ఆ ఒక్క ప్రశ్న మీద నాకు నాలుగైదు నెలలు, రెండొందల పౌండ్ల దాకా పోయాయి.

నేను వైజాగ్‌లో ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో, హాస్టల్ ఎదురు బడ్డీ కొట్టు దగ్గర మొదలుపెట్టాను. టీ చేతిలో ఉంటే రెండో చెయ్యి ఖాళీగా ఉందనిపించేది, అంతే. ఇక్కడికొచ్చాక ప్యాకెట్ ధర 15 పౌండ్లు దాటినా రోజుకి పన్నెండు తగ్గలేదు. 2024 నవంబర్‌లో ఒక సాయంత్రం పెరటి తలుపు బయట చలిలో నిలబడి కాలుస్తున్నా. లోపల మా పాప, ఆరేళ్లది, తలుపు అద్దానికి పట్టిన ఆవిరి మీద వేలితో గీతలు గీస్తోంది. లోపలికొచ్చి చూస్తే ఏడు గీతలు. ఏంటమ్మా ఇవి అంటే, "నువ్వు ఇవాళ బయటికి వెళ్లినవి" అంది. తిట్టినట్టు కాదు, హోంవర్క్ చూపించినట్టు చెప్పింది.

మర్నాడు మా వీధి చివర ఫార్మసీకి వెళ్లాను. ఇక్కడ ఎన్‌హెచ్‌ఎస్, అంటే ప్రభుత్వ వైద్య వ్యవస్థ, తరఫున సిగరెట్ మాన్పించే సేవ ఉచితం, చాలా ఊళ్లలో ఫార్మసీల్లోనే నడుస్తుంది. అక్కడి సలహాదారు ఒక పెద్దావిడ. ఊపిరి బిగబట్టించి ఒక గొట్టంలోకి ఊదించింది. అది ఊపిరిలో ఉన్న కార్బన్ మోనాక్సైడ్‌ని కొలుస్తుంది. నాకు 21 వచ్చింది. సిగరెట్ తాగనివాళ్లకి ఇది ఐదారు లోపే ఉంటుందట. ఒంటికి అతికించుకునే నికోటిన్ ప్యాచ్, నమిలే నికోటిన్ గమ్, వేప్, మూడూ చెప్పింది. ప్యాచ్ ఇంతకుముందు ఒకసారి వాడి, దాని మీదే సిగరెట్ కాల్చిన ఘనుణ్ని నేను. కాబట్టి వేప్ అన్నాను. "సరే, కానీ ఏది పడితే అది కొనకండి, మళ్లీ వచ్చి నాతో మాట్లాడండి" అంది. నేను ఆ రాత్రే పెట్రోల్ బంకులో ఒకటి కొన్నాను.

అది డిస్పోజబుల్, అంటే అయిపోగానే పారేసే రకం. హైలైటర్ పెన్నంత ఉంటుంది, ప్లాస్టిక్, పుచ్చకాయ ఐస్ రుచి, 5 పౌండ్లు. లోపల 2 మిల్లీలీటర్ల ద్రవం, మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాముల నికోటిన్. ఇక్కడి చట్టం ఒప్పుకునే గరిష్ఠం అదే. బటన్ లేదు, నోట్లో పెట్టుకుని లాగితే వెలుగుతుంది. నిజం చెప్పాలంటే బాగా పనిచేసింది. మూడో రోజుకల్లా సిగరెట్ మీద ధ్యాస సగం తగ్గింది. కానీ ఇంకోటి జరిగింది.

సిగరెట్ వెలిగిస్తే ఐదారు నిమిషాల్లో పీక మిగులుతుంది. అది పారేసి లోపలికి రావాలి. దీనికి పీక లేదు. సోఫాలో, కారులో, మీటింగ్ మ్యూట్‌లో పెట్టి, బాత్రూమ్‌లో, రాత్రి మెలకువొస్తే మంచం మీద కూడా. ఎప్పుడు మొదలుపెట్టానో, ఎప్పుడు ఆపానో నాకే తెలిసేది కాదు. కొన్నది మర్నాటికి అయిపోయేది. పాప అద్దం దగ్గర నిలబడి, "ఇప్పుడు ఎలా లెక్కపెట్టాలి నాన్నా?" అని అడిగింది. అప్పటికి నవ్వేశాను. తర్వాత ఆలోచిస్తే, వేప్ గురించి నన్నెవరూ అంత సరైన ప్రశ్న అడగలేదు.

పైగా వారానికి ఆరేడు ప్లాస్టిక్ గొట్టాలు, ఒక్కోదాంట్లో మంచి లిథియం బ్యాటరీ, అన్నీ చెత్తలోకి. (2025 జూన్ 1 నుంచి బ్రిటన్‌లో వీటి అమ్మకమే నిషేధించారు. నాకు అప్పటికే విసుగొచ్చింది.)

ఆఫీసులో నా పక్క సీటు కుర్రాడు వేప్ వేదాంతి. "నువ్వు బొమ్మతో ఆడుతున్నావు" అని, తన దగ్గర పాతబడిన పెద్ద మెషిన్ ఇచ్చాడు. దాన్ని మోడ్ అంటారు. అరచేతి నిండా ఇనప ముద్ద, చిన్న స్క్రీన్, లోపల పెద్ద బ్యాటరీలు రెండు, పైన గాజు ట్యాంకు. వాట్లు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఇంజినీర్‌ని కదా, సెట్టింగులు కనిపించగానే పడిపోయాను. షాప్‌కి వెళ్లి షార్ట్‌ఫిల్ అని 60 మిల్లీలీటర్ల సీసా తెచ్చుకున్నా. అందులో నికోటిన్ లేని ద్రవం 50 మాత్రమే ఉంటుంది. మిగిలిన ఖాళీలో మిల్లీలీటరుకి 18 మిల్లీగ్రాముల నికోటిన్ షాట్, 10 మిల్లీలీటర్లది, మనమే పోసి కలుపుకోవాలి. అప్పుడది మిల్లీలీటరుకి 3 అవుతుంది. ఇరవై నుంచి మూడుకి దిగిపోయానని ఇంట్లో గొప్పగా చెప్పాను.

మొదటి దమ్ముకే దగ్గి కళ్లలో నీళ్లొచ్చాయి. తప్పు మెషిన్‌ది కాదు. సిగరెట్ దమ్ము రెండు అంచెల్లో ఉంటుంది: ముందు నోట్లోకి లాగుతాం, ఒక్క క్షణం ఆగి ఊపిరితో లోపలికి తీసుకుంటాం. పద్దెనిమిదేళ్లు చేసినా నేను గమనించని సంగతి ఇది. ఆ పెద్ద మెషిన్‌కి అలా కుదరదు. దాని కాయిల్ (ద్రవాన్ని వేడిచేసే తీగచుట్ట) రెసిస్టెన్స్ అర ఓమ్ కన్నా తక్కువ, గాలి దారి వెడల్పు. హుక్కా లాగినట్టు నేరుగా గుండెల్లోకి లాగాలి. అలా లాగితే ఆవిరి మేఘాలు. మా ఆవిడ పైనుంచి దిగి, "ఇవాళ శుక్రవారం కూడా కాదు, సాంబ్రాణి వేశావేంటి?" అంది.

ఇక ట్యాంకు గోల. ఇక్కడ చట్టప్రకారం ఏ ట్యాంకూ 2 మిల్లీలీటర్లు దాటకూడదు. డిస్పోజబుల్‌కి రోజంతా సరిపోయిన ఆ రెండు మిల్లీలీటర్లు దీనికి మూడు గంటలు కూడా రావు. మాటిమాటికీ మూత తిప్పి నింపడం, వేళ్లకి జిగురు. ఫిబ్రవరిలో ఒకరోజు ఆఫీసులో జాకెట్ జేబులో పెట్టుకుని కూర్చున్నా. మధ్యాహ్నానికి జేబు అడుగంతా తడి, అందులోనే ఉన్న కారు తాళం, మా పాప స్కూల్ ఫొటో స్ట్రాబెర్రీ కస్టర్డ్‌లో నానాయి. ఆ ఫొటో ఇప్పటికీ తియ్యగా వాసనొస్తుంది.

ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాను. డిస్పోజబుల్: రోజుకి 2 మిల్లీలీటర్లు, ఇరవై చొప్పున 40 మిల్లీగ్రాములు. పెద్ద మెషిన్: రోజుకి దాదాపు 12 మిల్లీలీటర్లు, మూడు చొప్పున 36. అంటే ఇరవై నుంచి మూడుకి దిగడం అన్నది సీసా మీద అంకెలోనే. ఒంటికి కావాల్సింది అది ఎలాగోలా లాక్కుంటోంది. కాస్త తక్కువ నికోటిన్ కోసం ఆరింతల ద్రవం ఊపిరితిత్తుల్లోకి పంపుతున్నాను.

మళ్లీ ఫార్మసీ ఆవిడ దగ్గరికి వెళ్లాను. చేతిలోని మెషిన్ చూసి ఏమీ అనలేదు, గొట్టం ఇచ్చి ఊదమంది. 2 వచ్చింది. వేప్‌లో ఏదీ కాలదు కాబట్టి కార్బన్ మోనాక్సైడ్ ఉండదు, ఆ మేరకు గెలిచినట్టే. తర్వాత ఒకే ప్రశ్న వేసింది: "రోజులో మీకు అన్నిటికన్నా ఎక్కువ నోరు పీకేది ఎప్పుడు?" పొద్దున్న లేవగానే, భోజనం అవగానే అన్నాను. "అయితే మీకు కావాల్సింది ఆ రెండు సార్లు గొంతులో సిగరెట్‌లా తగిలి, మిగతా రోజంతా గుర్తుకు రాకుండా ఉండేది. పెద్దది కాదు."

అలా చిన్న రీఫిల్ పాడ్ మెషిన్‌కి వచ్చాను. పాడ్ అంటే దానికి తగిలించే చిన్న డబ్బా, ద్రవం నింపుకుంటూ వాడి, పాడైతే అదొక్కటే మార్చుకోవాలి. అగ్గిపెట్టె కన్నా కాస్త పొడుగు, చార్జింగ్ కేబుల్ ఫోన్‌దే, ధర 18 పౌండ్లు. కాయిల్ 1 ఓమ్. గాలి బిగువుగా వస్తుంది, కాబట్టి సిగరెట్ లాగే రెండంచెల్లో లాగొచ్చు. ద్రవం నికోటిన్ సాల్ట్, 20 మిల్లీగ్రాములది. మామూలు నికోటిన్ అంత గాఢతలో గొంతు మండిస్తుంది. సాల్ట్‌లో బెంజోయిక్ ఆమ్లం లాంటిది కలిపి ఆ ఘాటు తగ్గిస్తారు. చిన్న పాడ్‌కి 50:50 ద్రవమే (పల్చటి ప్రొపైలీన్ గ్లైకాల్, చిక్కటి గ్లిజరిన్ సగం సగం) తీసుకోవాలి. పెద్ద మెషిన్ల కోసం చేసే చిక్కటి ద్రవం దీని కాయిల్‌కి ద్రవం అందించే దూదిలోకి త్వరగా ఇంకదు.

ఆ దూది సంగతి ఎవరూ సరిగ్గా చెప్పరు. పాడ్ పక్కన చిన్న రబ్బరు బిరడా ఉంటుంది. గోటితో అది లేపి, సీసా ముక్కు అందులో పెట్టి, పాడ్‌ని కాస్త వాల్చి మెల్లగా నొక్కాలి. నిటారుగా పట్టుకుని నొక్కితే గాలి బుడగ అడ్డుపడి బయటికి కక్కుతుంది. నింపాక పది నిమిషాలు బల్ల మీద పెట్టెయ్యాలి. నేను మొదటిరోజు ఆగలేక వెంటనే లాగాను. నూనె పీల్చుకోని వత్తిని వెలిగిస్తే దీపం వెలగదు, వత్తి మాడుతుంది కదా, అదే జరిగింది. ఆ మాడు రుచి నోట్లోంచి సాయంత్రం దాకా పోలేదు, 3 పౌండ్ల పాడ్ చెత్తబుట్టలోకి పోయింది. రుచి కూడా చూసుకోవాలి. తియ్యటి డిజర్ట్ రకాల్లో కలిపే స్వీటెనర్ కాయిల్ మీద పాకం ముదిరినట్టు అడుగంటుతుంది, నాలుగు రోజులకే పాడ్ పోతుంది. పుదీనా, టొబాకో రుచులైతే నాకు పది రోజులు వస్తున్నాయి. 10 మిల్లీలీటర్ల సీసా 4 పౌండ్లు, ఐదు రోజులు. సిగరెట్ల ఖర్చుతో పోలిస్తే ఏమీ లేదు, అయితే 2026 అక్టోబర్ నుంచి ప్రతి 10 మిల్లీలీటర్లకి 2.20 పౌండ్ల సుంకం వేస్తామని ప్రభుత్వం ప్రకటించింది.

నాకు దీంట్లో అన్నిటికన్నా నచ్చింది చట్టం పెట్టిన ఆ 2 మిల్లీలీటర్ల హద్దే. పెద్ద మెషిన్‌తో విసుగు తెప్పించిన హద్దు ఇక్కడ పీకలా పనికొచ్చింది. పొద్దున్న ఒక్కసారి నింపుతాను, అయిపోతే ఆ రోజుకి అయిపోయినట్టే. నింపిన ప్రతిసారీ ఫ్రిజ్ మీద క్యాలెండర్‌లో గీత గీసే పని పాపకి అప్పగించాను. రోజుకి ఒక్క గీత. రెండో గీత పడిన రోజుల్లో ఆమె నా వైపు చూసే చూపు, ఫార్మసీ గొట్టం కన్నా నయం.

ఒక విషయం మాత్రం దాచకూడదు. 2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఇక్కడి 886 మంది మీద చేసిన అధ్యయనం వచ్చింది. ఏడాది తర్వాత చూస్తే వేప్ వాడినవాళ్లలో 18 శాతం మంది సిగరెట్ మానేశారు, ప్యాచ్, గమ్ లాంటివి వాడినవాళ్లలో 9.9 శాతం. ఇది అందరూ చెబుతారు. అలా వేప్‌తో మానేసినవాళ్లలో 80 శాతం మంది ఏడాదికి కూడా వేప్ వదల్లేదన్నది మాత్రం తక్కువమంది చెబుతారు. నేను సెప్టెంబర్‌లో 10 మిల్లీగ్రాముల సీసాకి దిగాను. మొదటి వారం రెండేసి గీతలు పడ్డాయి, తర్వాత మళ్లీ ఒకటికొచ్చింది.

డిసెంబర్‌లో ఇంటికెళ్లాం, శ్రీకాకుళం దగ్గర. హైదరాబాద్‌లో ఉన్న స్నేహితుడు "ఒరే, నాకొకటి పట్టుకురా" అన్నాడు. కుదరదన్నాను. అక్కడి చట్టంలో మొదటిసారి తప్పుకే ఏడాది దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నా పాడ్ కూడా కోవెంట్రీలోనే వదిలేసి, ప్యాచ్‌లు, 2 మిల్లీగ్రాముల గమ్ పట్టుకెళ్లాను. గమ్ అక్కడి మందుల షాపుల్లోనూ దొరుకుతుంది. మా వాడికి అదే కొనిచ్చి, పొగాకు మానేవాళ్ల కోసం కేంద్రం నడిపే 1800 112 356 నంబర్ ఇచ్చి వచ్చాను. మొహం మాడ్చుకున్నాడు.

స్నానం చేసి వస్తుంటే అమ్మ భుజం మీద ప్యాచ్ చూసింది. "ఏట్రా ఆ పట్టీ? దెబ్బ తగిలిందేటి?"

సిగరెట్ మానడానికమ్మా అన్నాను. ఇన్నేళ్లలో ఆమె ముందు ఆ మాట అనడం అదే మొదలు.

"నాకు తెల్దనుకున్నావేటి? మీ అమ్మమ్మ నిప్పు నోట్లో ఎట్టుకున్న మనిషి. నీకు ఎక్కడికి పోద్ది!"

అమ్మమ్మది అడ్డపొగ. మా వైపు ఆ కాలపు ఆడవాళ్లు చాలామంది చుట్టని తిరగేసి, వెలిగే కొస లోపల పెట్టుకుని కాల్చేవాళ్లు. అంగిలి కాలిపోతుందని, పుళ్లు క్యాన్సర్ అవుతాయని తర్వాత డాక్టర్లు చెప్పారు. అమ్మమ్మ మాత్రం రోజుకి రెండే చుట్టలు కాల్చేదట, అటక మీద కొబ్బరిచిప్పలో లెక్కపెట్టి పెట్టుకుని. నేను అమ్మతో క్యాలెండర్ గీతల సంగతి చెప్పాను. అర్థమైందో లేదో, తలూపింది.

మూడు వారాలు గమ్‌తో గడిచాయి. రెండు సాయంత్రాలు బస్టాండ్ టీ కొట్టు దగ్గర గట్టిగానే పీకింది, తట్టుకున్నా. జనవరిలో తిరిగొచ్చి తలుపు తీయగానే బల్ల సొరుగు దగ్గరికే వెళ్లాను. మూడు వారాలు లేకుండా ఉన్నావు కదా, మళ్లీ ఎందుకు అని మా ఆవిడ అడిగింది. నా దగ్గర సరైన జవాబు లేదు. ఆ సాయంత్రం షాప్‌కెళ్లి కొన్న సీసా మాత్రం 6 మిల్లీగ్రాములది.